అత్త ఒళ్లో బండి పుస్తకం

దగ్గరికి జరిగి కూర్చోండి. గడప మీద వద్దు, ఇట్లా గోడకు ఆనుకొని కాళ్లు చాపుకోండి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. ఇందులో తప్పు నాది. కానీ అది ఎవరిదో మా ఇంట్లో ఇంతవరకు తేలలేదు, మీరూ తేల్చకండి.

మాది పత్తికొండకూ ఆలూరుకూ నడుమ ఒక ఊరు. టమాటా కాలం వస్తే ఊళ్లో పెట్టెలన్నీ పత్తికొండ మార్కెట్టుకు తోలేది మా ఆయన పికప్ బండే. అది రాకముందు ఆయన ఇంకొకరి బండికి డ్రైవరు. అందుకే మా ఇంట్లో మనిషి దగ్గితే మిరియాల కషాయం ఇచ్చి ఊరుకుంటాం, బండి దగ్గితే మాత్రం అందరం లేచి నిలబడతాం. అది ఆగితే మా పొయ్యి ఆగుతుంది.

కొన్న కొత్తలో కంపెనీవాళ్లే కర్నూలులో నూనె మార్చి పంపేవాళ్లు. ఆ ఉచిత సర్వీసులు అయిపోయాక మొదటిసారి మేమే ఇంజను నూనె ఎంచుకోవాల్సి వచ్చింది. పెళ్లికూతుర్ని ఎంచేటప్పుడు కూడా మా ఊళ్లో అన్ని మాటలు పుట్టవు. టీ బంకు దగ్గర ఒకాయన, "మన ఎండకు పల్చన నూనె ఆవిరైపోతాది, చిక్కంది పోయప్పా" అన్నాడు. పక్కాయన ఊరుకోలేదు. "చిక్కంది పోస్తే తెల్లారి ఇంజను లేస్తాదా? నువ్వు లేస్తాండావా తెల్లారి?" అన్నాడు. మా ఆయన ఫోన్‌లో మూడు వీడియోలు చూశాడు. ముగ్గురూ మూడు నూనెలు చెప్పి, చివర్లో ముగ్గురూ గంట నొక్కమన్నారు.

నాకు వంటనూనె సంగతి బాగా తెలుసు. శెనక్కాయ నూనెను వేలికి రాసుకొని వాసన చూస్తే ఏ ఊరి గానుగదో చెప్పేస్తాను. ఇంజను నూనెను కూడా మగవాళ్లు అట్లాగే వేళ్ల నడుమ రుద్దుతారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు, కళ్లు మూసుకొని తలాడిస్తారు. వాళ్లకు ఏం తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. తలాడించడం మాత్రం అందరికీ వచ్చు.

ఇప్పుడు మా అత్త సంగతి చెప్పాలి. ఆమెకు చదువు రాదు. రాదని ఊరికంతా తెలుసు. ఊరికంతా తెలుసని ఆమెకు మాత్రం తెలియదు. ప్రతి ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చొని, గుడ్డసంచిలోంచి దేవుని పుస్తకం తీసి, పక్కవాళ్లు పేజీ తిప్పినప్పుడు తానూ తిప్పుతుంది. అది అరచేతికి కొంచెం పెద్దదిగా ఉండే చిన్న పుస్తకం. ఆ సంచి నేనే కుట్టాను, దిండు గలీబులు కుట్టగా మిగిలిన నీలం గుడ్డతో. గుడ్డ ఇంకా మిగిలితే బండితో వచ్చిన పుస్తకానికి కూడా అట్లాంటి సంచే కుట్టాను. చర్చి కోత పండుగకు ఇల్లు కడిగినప్పుడు సంచులు రెండూ ఉతికి ఆరేసి, పుస్తకాలు తిరిగి పెట్టి, ఒకటి బండిలో డ్రైవరు ముందరి పెట్టెలో, ఒకటి అత్త అరలో పెట్టాను. ఏది ఎక్కడ పెట్టానో చూడలేదు. అదీ నా తప్పు.

కోత పండుగ దాటి నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదో ఆదివారం పొద్దున అత్త చర్చికి పోయింది. మరునాడు తెల్లవారే టమాటా లోడు ఉండడంతో మా ఆయన ఆగిపోయాడు. వంట పని పేరుతో నేనూ ఆగిపోయాను. కోడుమూరు వైపు షెడ్డు ఉన్న మేస్త్రి నూనె మార్చడానికి వచ్చాడు. తురకాయన, మా మామ కాలం నుంచీ మాకు ఆయనే. వచ్చీ రాగానే నా పిండి బేసిను బండి కిందికి తోసి పాత నూనె దించేశాడు. తారులాంటి నూనె. బేసిను మీద ఆశ అప్పుడే వదులుకున్నాను.

అప్పుడు దిగాడు మా ఆడబిడ్డ మొగుడు, మోటారు సైకిలు వెనక తాడుతో కట్టిన పది లీటర్ల డబ్బాతో. ఆయన మా ఆయనకు బావ, నాకు అన్న వరస, మా అత్తకు అల్లుడు. ఈ మూడింటిలో అల్లుడుగా ఉండడమే ఆయనకు ఎక్కువ ఇష్టం. ఒక క్రిస్మస్‌కు కూరలో మూలుగున్న నల్లి బొక్క తన పళ్లెంలో కాకుండా తన తమ్ముడి పళ్లెంలో పడిందని రెండు పండుగలు మా గడప తొక్కలేదు. ఆ రెండు పండుగలూ మా ఆడబిడ్డ కూడా రాలేదు. మా అత్త ఆమె చీరలు మడిచి, విప్పి, మళ్లీ మడిచి పెట్టుకుంటూ గడిపింది.

"నూనె కొనొద్దురా బామ్మర్దీ! నా ట్రాక్టరుకు పోసే నూనే ఇది. పదేళ్ల నుంచి అదే పోస్తాండా. ఇంజను చూడు, ఎద్దు ఉన్నట్టుండాది!" అంటూ డబ్బా దించాడు.

మా ఆయన మొహం వెలిగింది. మేస్త్రి మొహం ఆరింది. ఆయన మా ఆయన్ని నీళ్లతొట్టి వెనక్కి పిలిచి మెల్లగా చెప్పాడు.

"అప్పా, ఇది ట్రాక్టరు గాదు. ఈ కొత్త బండ్లకు సైలెన్సర్లో పొగ వడగట్టే జల్లెడ ఉంటాది. బూడిద ఎక్కువ మిగిలే నూనె పోస్తే అది మూసుకుపోతాది. మూసుకుందనుకో, నీ బండి గుట్ట ఎక్కదు. నా షెడ్డులో అట్ల వచ్చిన బండి ఒకటి ఇంకా నిలబడే ఉండాది."

"అయితే ఏం పోయాల?"

"పాత బండైతే నేనే చెప్తా. దీనికి నన్ను అడగొద్దు, పుస్తకాన్ని అడుగు. తే పో."

మా ఆయన పెట్టె తెరిచి నీలం సంచి విప్పి పుస్తకం తీశాడు. అది బండి పుస్తకం కాదు. మేస్త్రి చూసి, నూనె చేతులు వెనక్కి దాచుకొని రెండడుగులు దూరం జరిగాడు. "అరె, దేవుని పుస్తకమప్పా ఇది. నా చేతులు బాగలేవు, నువ్వే పెట్టు" అన్నాడు.

దేవుని పుస్తకం ఇక్కడ ఉందంటే బండి పుస్తకం ఎక్కడ ఉందో చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. మా అత్త ఆ నిమిషాన ముందు వరుసలో కూర్చొని టైరు మార్చే పద్ధతి మీద చెయ్యి పెట్టుకొని ప్రార్థన చేస్తోంది!

ఇటు చూస్తే అల్లుడు అప్పటికే ఇంజను మూత తీసేసి, "గరాటు యాడ పెట్టినావమ్మా?" అని అడుగుతున్నాడు. వద్దంటే ఆయన అలుగుతాడు, మా ఆడబిడ్డ పుట్టింటి దారి మళ్లీ మూసుకుంటుంది. సరేనంటే బండి నిలబడిపోతుంది. నాకు తోచింది ఒక్కటే. కిటికీలో ఉన్న గరాటును చీరకొంగులో చుట్టుకున్నాను.

"వెతికి ఇస్తాను అన్నా, టీ తాగు. ఉప్పు అయిపోయింది, తెస్తాను" అని బయటపడ్డాను.

"ఉప్పుకు అంత ఉరుకెందుకే?" అని మా ఆయన వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు.

చర్చిలో ప్రసంగం మంచి పాకంలో ఉంది. వంగి వంగి పోయి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది, అందులో ఇంజను బొమ్మ తలకిందులుగా ఉంది. ఆమె మొహంలో మాత్రం ఎంత భక్తి!

"అత్తా, ఆ పుస్తకం..."

"తెలుసులేవే. గొంతు తగ్గించు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఆదివారం నుంచే. దేవుని పుస్తకంలో హెడ్‌లైటు బొమ్మ ఉంటాదా? అంత తెలీనిదాన్నా?"

"మరి చెప్పొచ్చు కదా!"

"ఎందుకు? దేవుని పుస్తకం బండిలో కూర్చొని నా కొడుకును కాస్తాంది. బండి పుస్తకం ఈడ కూర్చొని ప్రార్థన వింటాంది. రెండూ మంచి చోట్లనే ఉండాయి. కదిలించేదెందుకు?"

అత్తకు అటుపక్క పాస్టరమ్మ. కర్నూలులో చదువుకున్న మనిషి, నెమ్మదస్తురాలు. ఆమె భుజాలు ఊగుతుంటే ప్రసంగానికి ఏడుస్తోందేమో అనుకున్నాను. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

"ఏ పేజీ కావాలమ్మా?" అని నన్ను అడిగింది.

"ఇంజను నూనె పేజీ. మీకు తెలుసా?"

"అయిదు వారాలుగా మీ అత్త భుజం మీదుగా చదువుతున్నాను. మా ఆయన ప్రసంగం శనివారమే ఇంట్లో నాకు చెప్పి చూసుకుంటారు. ఆదివారం నాకు కొత్తగా ఉండేది ఈ పుస్తకమే." ఆమె చెయ్యి చాపి పుస్తకాన్ని తిన్నగా తిప్పి, వెతకకుండానే పేజీ తీసింది. "ఇదిగో. పదిహేను డబ్ల్యూ నలభై. దాని పక్కన సి, కె, నాలుగు. బూడిద తక్కువ మిగిలేదే పోయాలట. వేరేది పోస్తే జల్లెడ పాడవుతుంది, మా పూచీ లేదు అని రాసుకున్నారు."

కానుక కవరు వెనక ఆ అక్షరాలన్నీ రాసిచ్చింది. దాన్ని అందుకోబోతే కొంగులోంచి గరాటు జారి బండల మీద ఠంగుమని పడింది. పాస్టరయ్య ప్రసంగం ఆపి మా వైపు చూశారు. మేం ముగ్గురం తలలు వంచేశాం.

"ఆమేన్!" అంది అత్త, గట్టిగా.

ఆమేన్ అనే చోటు కాదది. అయినా వెనక నుంచి చర్చి అంతా "ఆమేన్" అంది. పాస్టరయ్య మొహం విప్పారింది. ఆ సందులో మేమిద్దరం బయటికి వచ్చేశాం.

దారిలో అత్తకు అంతా చెప్పాను. నూనె సంగతికి ఆమె తల కూడా తిప్పలేదు. అల్లుడి సంగతి చెప్పగానే నిలబడిపోయింది.

"తెచ్చినోని చేతిలోది వెనక్కి పంపితే ఈసారి నా కూతురు ఎన్ని పండుగలు రాదో?" అంది. తరువాత ఇల్లు కనిపించేదాకా వేళ్ల మీద పండుగలు లెక్కపెట్టుకుంటూ నడిచింది.

మేం వచ్చేసరికి అల్లుడు గరాటు కోసం ఎదురుచూడడం మానేసి, నీళ్ల బాటిలు నడిమికి కోసి ఇంజను మూతిలో గుచ్చాడు. డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. మేస్త్రి ఆకాశంలోకి చూస్తున్నాడు. మా ఆయన "బావా, ఒక్క నిమిషం బావా" అంటూ బావ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఆగు నాయనా! ఎంత పని చేస్తాండావు!" అని కేకేసింది అత్త. "ఇంత మంచి నూనె తెచ్చి ఈ బండికా పోసేది?"

అల్లుడి చేతులు ఆగాయి. "మరి దేనికి పోయాలత్తా?"

"మీ మామ బావి ఇంజను ఎండిపోయి ఉండాది. ఈ బండి నిన్న మొన్న వచ్చిన పిల్లది, ఏదో ఒక నూనె తాగుతాది. ఆ ఇంజను పెద్దమనిషిది. దానికి అల్లుని నూనే పడాల. నువ్వు తప్ప దాన్ని ఎవరు లేపుతారు నాయనా?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా మామ ఈ అల్లుడిని జీతమూ అడగలేదు, చదువూ అడగలేదు. బావి దగ్గరికి తీసుకుపోయి ఆ డీజిలు ఇంజను హ్యాండిలు చేతికిచ్చి, "తిప్పు" అన్నాడట. ఒక్క తిప్పుకు లేచిందట. పిల్లనిచ్చాడు. కరెంటు మోటారు వచ్చాక ఇంజను టార్పాలిన్ పట్టా కింద పడుకుంది. అల్లుడు మాత్రం ఆ ఒక్క తిప్పును ఇంతవరకు మరిచిపోలేదు, మమ్మల్నీ మరిచిపోనివ్వలేదు.

డబ్బా మెల్లగా కిందికి దిగింది. ఆయన మీసం మెల్లగా పైకి లేచింది.

"నిజమే అత్తా. అది మన చేతి ఇంజను. దానికి ఈ నూనె అయితే అమృతమే" అన్నాడు.

ఆయన బావి దారి పట్టగానే నేను కవరు మేస్త్రికి ఇచ్చాను. చదివి, "అచ్చం ఇదే కావాల్సింది! పుస్తకం యాడ దొరికిందమ్మా?" అన్నాడు.

"యాడ ఉండాల్నో ఆడనే ఉండె" అంది అత్త, నాకంటే ముందు.

మేస్త్రి పత్తికొండ పోయి నూనె తెచ్చి పోసేదాకా అల్లుడు బావి దగ్గరే ఉన్నాడు. అడుగున మిగిలిన మడ్డి దించి తన నూనె పోశాడు, డీజిలు నింపాడు, తుడిచాడు, తిప్పాడు. లేవలేదు. చొక్కా విప్పి తిప్పాడు. ఊళ్లో సగం మంది గట్టు మీద చేరి, "ఏమప్పా అల్లుడా, మళ్లీ పిల్లనిమ్మంటావా?" అని ఎగతాళి చేస్తున్నారు. ఆయన ముక్కు ఎర్రబడింది. అలకకు అదే మొదటి గుర్తు. అత్త నా చెయ్యి నొక్కింది.

అంతలో మేస్త్రి వచ్చి, "ఎంత బలమప్పా నీది! ఇంకొక్కటి" అని మెచ్చుకుంటూ ఇంజను వెనక్కి వంగాడు. చిన్న బోల్టు వదులు చేసి డీజిలు గొట్టంలో ఇరుక్కున్న గాలి వదిలి, మళ్లీ బిగించి, నా వైపు చూసి కన్ను గీటాడు. ఈసారి తిప్పితే నల్లగా పొగ కక్కి, డగ్ డగ్ డగ్ మని లేచింది మా మామ ఇంజను. బావిలో పావురాళ్లన్నీ పైకి ఎగిరాయి. అల్లుడు హ్యాండిలు ఎత్తి పట్టుకొని గట్టు మీదివాళ్లకు చూపించాడు.

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొగ కళ్లలో పడింది అంది. గాలి అటు వీస్తోంది, మేం ఇటు ఉన్నాం.

ఆ మధ్యాహ్నం నల్లి బొక్క ఎవరి పళ్లెంలో పడిందో చెప్పక్కరలేదు. మరునాడు తెల్లవారే బండి లోడెత్తుకొని గుట్ట ఎక్కి పత్తికొండ చేరింది. ఆ క్రిస్మస్‌కు మా ఆడబిడ్డ మూడు రోజుల ముందే వచ్చి కూర్చుంది.

పుస్తకాలు మాత్రం మేం మార్చలేదు. ఒకటి ఇప్పటికీ బండిలో తిరుగుతోంది, ఒకటి చర్చిలో కూర్చుంటోంది. నూనె మార్చే ముందు మా ఆయన పాస్టరమ్మను అడిగి వస్తాడు. ఈమధ్య ఆమె బ్రేకుల పేజీలకు వచ్చింది.

సరే, చీకటి పడక ముందే లేవండి. మీ ఇంటి పొయ్యి ఆరకూడదు, మీ వాకిట్లో బండి ఆగకూడదు. మీ అల్లుళ్లు అలిగినా అన్నం వేళకు తిరిగి రావాలి. మీ ఇంట్లో ఏ పుస్తకం ఏ సంచిలో ఉన్నా, దాన్ని తిన్నగా తిప్పి చదివిపెట్టే మనిషి ఒకరు మీ పక్కన ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.