ఆగని చేతులు, ఐలవ్వ కళ్లు

కోరుట్లలో మా వాడకట్టున ఐలవ్వ నోటికి జడవనివాళ్లు లేరు. ఆకు ఎక్కువ తడిపితే తిట్టు, దారం వదులైతే తిట్టు, చాట ముందు కూర్చుని ఆవలిస్తే రెండు తిట్లు. నాకు బీడీలు చేయడం నేర్పింది ఆమే. నేర్పినన్నాళ్లూ ఒక్క మంచి మాట అనలేదు. ఇవాళ నేను బడిలో పిల్లలకు సైన్సు పాఠం చెబుతున్నానంటే మాత్రం ఆమె చలవే. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, కాలేజీ లేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నేను రోజంతా ఇంట్లో బీడీలు చేస్తున్నాను. ఒక్క వారంలో నేను నేను కాకుండా పోయానట. ‘అట’ అనే చెబుతాను, ఎందుకంటే ఆ రోజులు నాకు ఒక్కటీ గుర్తు లేవు, అమ్మ, ఐలవ్వ చెప్పగా విన్నవే. నిద్ర మానేశాను, గోడతో పోట్లాడాను, మా అమ్మ కనకవ్వను పట్టుకుని నువ్వెవరని అడిగాను. గాలి సోకిందన్నారు. అమ్మ తాయత్తు కట్టించింది. ఆ తర్వాత మాట పడిపోయింది. నోరు ఏదో నములుతున్నట్టు, వేళ్లు ఏదో చుడుతున్నట్టు ఆడటం మొదలైంది.

ఆ వేళ్లు చూసి అమ్మకు ప్రాణం లేచివచ్చింది. బిడ్డకు పని గుర్తుకొచ్చిందనుకుంది. బీడీలు చేసే ఇంటి తల్లికే వచ్చే ఆలోచన అది. చాట తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఆకు, తంబాకు సర్ది, ఇక నయమవుతుందని ఇంటింటికీ చెప్పింది. చూడవచ్చినవాళ్లంతా తలలూపారు. ఐలవ్వ ఊపలేదు. నా ఎదురుగా కూర్చుని చాలాసేపు నా వేళ్లనే చూసింది.

“కనకవ్వా, గిది బీడీలు చేసుడు గాదు.”

“మరేందక్కా? ఆరేండ్ల సంది చేసిన చెయ్యి గద,” అంది అమ్మ.

“నలభై ఏండ్ల సంది నేను చేస్తున్న. చెయ్యి ఆకు తీస్తది, తంబాకు కోసం ఆగుతది, అటెన్క చుడుతది. దీని చెయ్యి ఒక్కపారి గూడ ఆగుతలేదు. కండ్లు మూసినా ఆడుతనే ఉంది. గిది గాలి గాదు, పని గాదు. తలకాయల ఏందో అయింది. దవాఖానకు నడువు.”

తాయత్తు మార్పిస్తానని అమ్మ ఏడ్చింది. ఐలవ్వ ఆమెను కూడా నాలుగు తిట్టి జీపు పిలిపించింది. జగిత్యాల డాక్టరు నన్ను పరీక్షించి, ఐలవ్వ చెప్పింది శ్రద్ధగా విన్నాడు. మెదడు వాచినట్టుందని, వెంటనే హైదరాబాదు తీసుకుపోవాలని, ఆలస్యమైతే ఊపిరి కూడా నిలవకపోవచ్చని చెప్పాడు.

సిరిసిల్ల దగ్గర మరమగ్గాల కార్మికులు దారి ఆపి రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారు. పొయ్యిలు, జెండాలు, పెద్ద పెద్ద గంజులు. జీపు ఆగింది. ఐలవ్వ దిగింది. సమ్మె కోసం కోరుట్లలో తనూ రోడ్డు మీద కూర్చున్న మనిషే.

“తెలంగాణ ఇయ్యాల గాకుంటె రేపు అస్తది కొడుకా,” అంది. “గీ పొల్ల పోతె మల్ల రాదు.”

ఆ కార్మికులు ఉడుకుతున్న అన్నం గంజును గుడ్డలతో పట్టి పక్కకు దించారు. ఇద్దరు మోటారు సైకిలు మీద ముందు పోయి సిద్దిపేట దాకా దారి ఇప్పించారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. వాళ్లకు దండం పెట్టుకోని రోజు లేదు.

జబ్బు ఏమిటో హైదరాబాదులో తేలింది. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో ముఖ్యమైనది గ్లూటమేట్. ఆ కబురును అందుకునేవి రిసెప్టర్లు. నేర్చుకోవడానికీ, గుర్తుంచుకోవడానికీ అవే ఆధారం. రోగాలతో పోరాడాల్సిన నా యాంటీబాడీలే పొరబడి ఆ రిసెప్టర్లను పట్టుకున్నాయి. పట్టుబడినవి కణాల లోపలికి పోయాయి; అందుకే జ్ఞాపకం, మాట పోయి, వేళ్లు వాటంతటవే ఆడాయి. నా అండాశయంలోని చిన్న గడ్డ దీనికి మూలం. దాన్ని తీసేసి మందులిస్తే రిసెప్టర్లు మెల్లగా తిరిగి వస్తాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఐలవ్వ అంతా విని, “అంటే కబురు అస్తుంది, తలుపు తీసెటోళ్లు లేరు. తీస్తరు తియ్యి,” అని అమ్మకు ధైర్యం చెప్పిందట.

తలుపు తీయడానికి ఐదు నెలలు పట్టింది. ఇంటికొచ్చాక కూడా మాట తడబడేది, చెంచా జారిపోయేది. చాట కంటబడితే అమ్మకు తన పొరపాటే గుర్తొచ్చేదేమో, దాన్ని అటకెక్కించింది. ఎండలు ముదరకముందే ఒక పొద్దున ఐలవ్వ వచ్చి దాన్ని దింపి నా ఒళ్లో పెట్టింది.

“ఒక్క బీడీ జెయ్యి, చూస్త,” అంది.

ఆకు తీసుకున్నాను. చెయ్యి తంబాకు దగ్గర ఆగింది. చిటికెడు తీసి, వేసి, చుట్టి, దారం కట్టాను. వంకర బీడీ, ఏ కంపెనీ తీసుకోదు. ఐలవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆగింది కనకవ్వా,” అంది. “చెయ్యి ఆగింది.”