ఇద్దరికీ ఒకటే ముక్కు

మేస్త్రీకి వాసన తెలియదు. పన్నెండేళ్ళు ఒక ఫర్నిచర్ కర్మాగారంలో, కిటికీలు లేని గదిలో, మంచాలకీ బీరువాలకీ రంగు కొట్టాడు. వాసన ఏ రోజు వెళ్ళిపోయిందో ఆయనకే తెలియదు. చెప్పకుండా ప్రయాణమైన చుట్టంలా వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు మాడి నల్లబడుతుంటే పక్కనే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్న భర్తను చూసి, ఒకనాడు భార్యకు సంగతి అర్థమైంది. ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, మర్నాడే ఆ పని మాన్పించింది.

అప్పటినుంచీ ఆయన ఇళ్ళలో తలుపులకీ కిటికీలకీ అలమరలకీ రంగులు వేస్తున్నాడు. పని ముగిసిన రోజు ఆమె కుట్టుమిషన్ ఆపి వస్తుంది. గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంటుంది. ఇంకా పచ్చిగా ఉంది, రెండు రోజులు కిటికీలు తెరిచి ఉంచండనో, ఇక పడుకోవచ్చనో తీర్పు చెబుతుంది. ఆ తీర్పు వినందే ఆయన బ్రష్షులు సర్దడు. మా ఇద్దరికీ ఒకటే ముక్కు, నా ముఖాన ఉన్నది కళ్ళజోడు ఆనించుకోవడానికి అంటూ ఇంటివాళ్ళను నవ్విస్తాడు. ఆ మాట వెనక ఎంత కృతజ్ఞత ఉందో ఆమెకు తెలుసు. అందుకే ఎప్పుడూ బదులు చెప్పదు.

ఒక ఆదివారం పొద్దున తాళాలు బాగుచేసే అతను వాళ్ళింటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అతనికి ఐదేళ్ళ కూతురు. పాప పుట్టినరోజుకని స్వయంగా పుస్తకాల అర ఒకటి చేశాడు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలకలు తెచ్చి, కోసి, స్క్రూలు బిగించి, రంగు తర్వాత చూద్దాంలే అని పాప మంచం పక్కన నిలబెట్టాడు. నెల తిరక్కుండా పాపకు దగ్గు, ఆయాసం. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది, తల్లి తోడుగా ఉంది. శుక్రవారం ఇంటికి పంపుతారు. ఊపిరితిత్తులు ఇంకా నాజూగ్గా ఉన్నాయి, పడుకునే గదిలో ఏ ఘాటూ ఉండకూడదని డాక్టరు చెప్పాడు. కొత్త పలకల వాసన కూడా కారణం కావచ్చు, ఖాయంగా చెప్పలేమన్నాడు.

ఆ ‘కావచ్చు’ అతన్ని నమిలేస్తోంది. విరగ్గొట్టి పారేద్దామని సుత్తి తీశాడట. అంతలోనే పాప ఫోన్లో, నా అర ఎలా ఉంది నాన్నా అని అడిగిందట, ఇంట్లో వదిలొచ్చిన కుక్కపిల్ల క్షేమం అడిగినట్టు.

“ఆ వాసన బయటికి రాకుండా చెయ్యగలరా మేస్త్రీగారూ? కుదరదంటే చెప్పండి, పారేస్తాను. ఇంకోమాట అనను.”

మేస్త్రీ వెంటనే ఒప్పుకోలేదు. ఆయన చేతికి అలవాటైనది, రంగుకు ముందు వేసే నూనె ప్రైమరు. అది బాగా పట్టుకుంటుంది గానీ దాని ఘాటే వారాల తరబడి ఉంటుంది. నీళ్ళతో కలిపే ప్రైమరుకు అంత వాసన లేదు. కానీ ఈ పలకల్ని కోసిన అంచులు దాన్ని దాహంగా తాగేస్తాయి, తాగి ఉబ్బుతాయి, నూగు లేస్తుంది. ఒక పూత పనికి నాలుగు పూతల పని. ఆలోచించి, శుక్రవారానికి అయిపోవాలంతే కదా అన్నాడు.

సోమవారం అరను పెరట్లోకి మోయించాడు, దుమ్ము గదిలో పడకుండా. ఉప్పుకాగితంతో అంచులన్నీ రుద్దాడు. తడిగుడ్డ గట్టిగా పిండి తుడిచాడు. అంచులకు సన్నగా లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్దాడు. ప్రైమరు పలచగా ఒక పూత. లేచిన నూగును రుద్ది ఇంకో పూత. స్క్రూ గుంటల్లోకి సన్న బ్రష్షు మొన దూర్చాడు. గోడవైపు ఉండే వీపును, ఎవరూ చూడరని వదిలెయ్యకుండా, ముఖం కన్నా శ్రద్ధగా మూశాడు. మధ్యమధ్య అంచు మీద వేలి వెనకవైపు ఆనించి చూసేవాడు. ముక్కు పోయినప్పటినుంచీ ఆయన వేళ్ళకు వినికిడి కూడా వచ్చిందేమో అనిపిస్తుంది చూసేవాళ్ళకు. బుధవారానికి తెల్లరంగు రెండు పూతలూ అయ్యాయి. ఎండలో ఆ అర, ఉతికి ఆరేసిన దుప్పటిలా వెలుగుతూ నిలబడింది.

ఈ పనంతటికీ కాపలా, తాళాలాయన అత్తగారు. పాప కోసమని వచ్చి ఉంది. పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, మా అల్లుడుగారి వడ్రంగం మనవరాలి ప్రాణం మీదికి తెచ్చిందని మేస్త్రీకి పూటకోసారి చెప్పేది, ఆ అల్లుడికి వినబడేటట్టు. ఆ అర చీల్చి పొయ్యిలో పెడితే కనీసం నీళ్ళన్నా కాగుతాయనేది. అతను తలొంచుకుని వెళ్ళిపోయేవాడు.

గురువారం అరను గదిలోకి చేర్చారు. వాసన ఉంటే తేలాలని తలుపులు, కిటికీలు ఒక గంట మూసి ఉంచారు. తీర్పు చెప్పాల్సిన భార్య వచ్చింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. రాత్రినుంచీ పడిశం. గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని, రెండుసార్లు తుమ్మి, కళ్ళు తెరిచింది.

“నన్నడక్కండి. ఇవాళ నేనూ మీలాంటిదాన్నే” అంది.

మేస్త్రీ నేరుగా పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, కుర్చీలో ఉన్నావిడ ముందు చేతులు కట్టుకుని, అమ్మా, మీ ముక్కు ఒక్క నిమిషం కావాలన్నాడు. ఆవిడ ఇలాంటి పిలుపు ఎన్నడూ విని ఉండదు. చీర సర్దుకుని, కోర్టులోకి నడిచినట్టు గదిలోకి నడిచింది. అర చుట్టూ తిరిగింది. పై అరల దగ్గర ఏమీ అనలేదు. వంగింది. ఇంకా వంగింది.

“ఉంది. కింద. కొత్త చెప్పుల పెట్టె మూత తీసినట్టుంది.”

అత్తయ్యగారికి ఆ అర మొదటినుంచీ గిట్టదని అల్లుడు గొంతు పెంచాడు. మేస్త్రీ అడ్డుపడ్డాడు.

“నాకు లేనిది ఆవిడకుంది బాబూ. నేను వాదించలేను.”

నేల మీద బోర్లా పడుకుని, అట్టడుగు పలక పొడవునా వేళ్ళు నడిపించాడు. అంతా నున్నగా ఉంది. ఒకచోట మాత్రం, రంగు కింద వెంట్రుకంత గీత. గోరుతో గీస్తే ఎక్కడా ఆగకుండా చివరిదాకా సాగింది. ఇదేమిటని అడిగాడు. తాళాలాయన అత్తగారివైపు చూశాడు, మేస్త్రీవైపు చూశాడు, మోకాళ్ళ మీద కూర్చుని పలక అంచున ఒకచోట బొటనవేలితో నొక్కాడు. గీత పగిలి, పలక మూతలా లేచింది. లోపల చిన్న రహస్యపు పెట్టె, అందులో నాలుగు గులకరాళ్ళు, ఒక పాత తాళంచెవి. ఆ పెట్టెకు నాలుగువైపులా పచ్చి పలకే, రంగు చుక్క తగల్లేదు.

“ఎవరికీ చెప్పనని పాపకు మాటిచ్చాను” అన్నాడతను. “వాళ్ళమ్మకి కూడా.”

ఐదేళ్ళ పిల్లకిచ్చిన మాట నిలబెట్టుకోబోయి, ఆ పిల్లకే ఊపిరాడకుండా చేసేవాణ్ణన్న సంగతి అప్పుడే అతనికి తట్టింది. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఈసారి అత్తగారు తిడుతుందనుకున్నారు అందరూ. ఆవిడ వెనక్కి తిరిగి, నాకసలే చూపు ఆనదు, నేనేమీ చూడలేదు, మీరు కానివ్వండని గది దాటి వెళ్ళిపోయింది. కాసేపటికి ముగ్గురికీ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. అల్లుడి గ్లాసు నేల మీద పెట్టలేదు, చేతికే ఇచ్చింది.

మూత ఊడదీసి ఎండలో పెట్టారు. మేస్త్రీ మళ్ళీ పడుకుని, అరచెయ్యి పట్టని ఆ చీకట్లో, లప్పం నుంచి మొదలుపెట్టాడు. పడిశం పట్టిన భార్య పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి చివరి పూత పడింది. పాప వచ్చి, ఆ పూట ముందుగదిలోనే పడుకుంది. శనివారమంతా కిటికీల్లోంచి గాలి అటూ ఇటూ నడిచింది. ఆదివారం భోజనాలయ్యాక అమ్మమ్మ మరోసారి వంగి చూసి, ఏమీ లేదంది.

ఆ రోజు మూడు గంటలప్పుడు మేస్త్రీకి ఫోను వచ్చింది. తాళాలాయన గుసగుసగా, మాట్లాడకండి, వినండి అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సన్నగా, నిద్రపోతున్న పాప ఊపిరి. లోపలికి, బయటికి. ఎక్కడా గరగర లేదు, అడ్డంకి లేదు. నున్నగా రుద్దిన అంచు మీద వేలు జారినట్టు అది వస్తోంది, వెళ్తోంది.

ఎవరని అడిగింది భార్య, మిషన్ తొక్కుతూనే. ఆయన లేచి వెళ్ళి ఫోను ఆమె చెవికి ఆనించాడు. చక్రం మీద చెయ్యి వేసి ఆమె మిషన్ ఆపింది.