చీటీల డబ్బాలో నా దస్తూరి

మొన్న ఆదివారం మా మేనకోడలు పంజాగుట్టలో ఒక కాఫీ హోటలు మేడ మీద జరిగే తన పుస్తక మిత్రుల సమావేశానికి నన్ను కూడా లాక్కుపోయింది. ఆ నెల చదివిన నవల వాళ్ళెవరికీ నచ్చలేదట. ఒకమ్మాయి సగంలో మూసేశానంది, ఒకబ్బాయి ఆ సగం కూడా దండగే అంటూ పకపకా నవ్వాడు, ఆ తర్వాత వచ్చే నెల ఏం చేద్దామన్న మాట వచ్చి, ఈ రచయితనే పిలిచి మన మధ్య కూర్చోబెడదామని ఎవరో అనేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒక పాత భయం గుర్తుకొచ్చింది.

మెట్రో లేని రోజుల మాట. పంజాగుట్టలో ఒక ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాగా చేరాను. ఊళ్ళో నాన్న మగ్గం ఆగిపోయింది, ఇల్లు నా జీతం మీదే నడిచేది. మా సూపరింటెండెంటుగారికి పుస్తకాల పిచ్చి. ఆయన పూనికతోనే రెండో శనివారం సాయంత్రాలు అమీర్‌పేటలో టైలర్ చాచా దుకాణం మీది గదిలో పదిమందిమి కలిసేవాళ్ళం. ఒక్క ప్రతే అందరి చేతులూ తిరిగేది. చదివినవాళ్ళు పేరు వేయకుండా అభిప్రాయం చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేయాలి, సమావేశం రోజు తలా ఒకటి తీసి, ఎవరిదైనా సరే, పైకి చదవాలి. పేరు లేదన్న ధైర్యంతో మేము రెచ్చిపోయి రాసేవాళ్ళమని ఒప్పుకోవాలి.

ఒక నెల వచ్చిన నవల చప్పగా ఉంది. ఇందులో మనుషులు లేరు, బట్టల దుకాణం ముందు నిలబెట్టే బొమ్మలున్నాయి, రాసినాయన ఏనాడూ ఒక ఆడదాని ఏడుపు విన్నట్టు లేడు అని రాసి డబ్బాలో పడేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. సమావేశం రోజు కాస్త ముందుగా వెళ్ళి చాచా దగ్గర కూడా ఆ నవలను ఆడిపోసుకుంటుంటే, ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

"జర మెల్లగ మాట్లాడు బేటీ. గా పుస్తకం మీ సారే రాసిండు. వేరే పేరు పెట్టుకున్నడు, నాకు తప్ప ఎవ్వరికి చెప్పలే."

సారంటే మా సూపరింటెండెంటుగారే. నా చిత్తుప్రతులు రోజూ ఎర్రసిరాతో దిద్దేది ఆయనే, నా దస్తూరి మా అమ్మకన్నా ఆయనకే బాగా తెలుసు. పైగా నన్ను పర్మనెంట్ చేసే ఫైలు ఆ వారమే ఆయన బల్ల మీదికి వచ్చింది. పైకి పరుగెత్తి, నా చీటీ తీసేద్దామని డబ్బా మూత మీద చెయ్యి వేశానో లేదో, మెట్ల మీద ఆయన దగ్గు వినిపించింది.

నా చీటీ ఆయన చేతికే వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, ఒక్క మాట మింగకుండా నెమ్మదిగా చదివారు. నేను తలెత్తలేదు, ఊరికి ఏమని ఉత్తరం రాయాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాను. అంతలో మా ఆఫీసు అక్క ఒకావిడ, పాపం ఏమీ తెలియక, వచ్చే నెల ఈ రచయితనే పిలిచి కడిగేద్దామంది. అందరూ సరేనన్నారు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "వద్దమ్మా, ఆయన రాడు" అన్నారంతే.

ఆదివారమంతా ఆ ఉత్తరం రాసి చింపుతూ గడిపాను. సోమవారం ఫైలు సంతకమై వచ్చింది. గండం గడిచిందని చాటుగా ఏడ్చాను. ఆయన రిటైరయ్యేదాకా ఆ గదికి వస్తూనే ఉన్నారు గానీ, ఆ మారుపేరుతో మరో పుస్తకం మాత్రం రాలేదు. ఎందుకు రాయడం లేదని నేను ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఆ చీటీ ఊసు వస్తుందేమోనని భయం.

ఇప్పటి పిల్లలు తమ పేరూ ఫొటోతో సహా తిట్టేస్తారు, వాళ్ళకు అలాంటి భయం లేకపోవడం మంచిదే. ఆ సాయంత్రం నేను పడ్డ భయమంతా నా కోసమే. ఆ గదిలో అందరి ముందూ తన పుస్తకం మీది తిట్లను తనే పైకి చదువుకున్న మనిషి కోసం భయపడడం నాకు ఈ వయసులో, ఆయన లేని రోజుల్లో వచ్చింది.