మూడో అర్థం

ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. వేరే దేశం నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇక్కడి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు, ఇక్కడి భాషలోనే విసుక్కునేవాడు. అయినా ఏటా విదేశీయుల నమోదు ఆఫీసులో కార్డు పొడిగించుకోక తప్పేది కాదు. ఆ ఆఫీసు లిఫ్టు బాగుచేసేదీ ఆయనే కనుక, చేతికంటిన గ్రీజు తుడుచుకుని అటునుంచి అటే వరసలో నిలబడేవాడు.

ఆ యేడు ఫారం మారింది. పైన పెద్దక్షరాల్లో 'గ్రహాంతరవాసుల నమోదు పత్రం' అని ఉంది. మొదటి ప్రశ్న, ఏ గ్రహం నుంచి వచ్చారు?

"ఇదేంటమ్మా?" అని కౌంటరు దగ్గరి గుమస్తావిణ్ణి అడిగాడు.

"ఏలియన్ అనే మాటకి మూడర్థాలున్నాయటండీ," అందామె నీరసంగా. "విదేశీయుడు, పరాయివాడు, వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. తర్జుమా చేసినాయన మూడోది పట్టుకున్నాడు. నలభై వేల ఫారాలు అచ్చయిపోయాయి. నింపెయ్యండి."

భూమి అని రాశాడు. కంప్యూటరు ఒప్పుకోలేదు. గ్రహాంతరవాసి భూమి నుంచి రాకూడదట. ఇద్దరూ కలిసి జాబితా చూశారు.

"శుక్రుడు బాగా వేడండీ, మీకు పడదు," అందామె. చివరికి అంగారకుణ్ణి ఖాయం చేశారు.

కార్డు చూసి భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. "మీరు ఈ లోకంలో మనిషి కాదని నేను మొత్తుకుంటే మా అమ్మ నమ్మేది కాదు. ఇప్పుడు ప్రభుత్వమే ముద్ర కొట్టింది."

వారం తిరక్కుండా ఆరోగ్యశాఖ ఉద్యోగి ఒకాయన వచ్చి, లిఫ్టాయన గాలి పీలుస్తున్నాడా లేదా అని చూసి రాసుకుని వెళ్లాడు. అంతకుమించి ఇబ్బంది లేదు. పైగా గడువు తేదీ ఉండాల్సిన చోట 'తిరుగు ప్రయాణానికి వాహన సౌకర్యం కలిగే వరకు' అని అచ్చయింది. ఏటా నిలబడే బాధ తప్పిందని ఆయన లోలోపల సంబరపడ్డాడు.

నాలుగు నెలలకు ఆఫీసు నుంచి కబురొచ్చింది.

"తప్పు దిద్దారండీ. ఈసారి రెండో అర్థం వేశారు," అంటూ గుమస్తావిడ కొత్త ఫారం ముందుకు జరిపింది.

'పరాయివారి నమోదు పత్రం.' మొదటి ప్రశ్న, ఎన్నాళ్లుగా పరాయివారు?

ఆయన కలం మూత తీశాడు. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కున్న నిండు గర్భిణిని వెనక ఒకసారి చేత్తో చక్రం తిప్పి కిందికి దించాడు. ఆమెకి పుట్టిన పిల్ల ఇప్పుడు కనిపిస్తే మావయ్యా అని పిలుస్తుంది. ఎన్నాళ్లని రాయాలి?

"ఆ పాతదే ఉంచండమ్మా," అన్నాడు. "దూరం నుంచి వచ్చానంటే ఒప్పుకుంటాను. పరాయినని మాత్రం సంతకం పెట్టలేను."

గుమస్తావిడ అటూ ఇటూ చూసి ఫారాన్ని సొరుగులోకి తోసేసింది.

"కబురు మీకు అందలేదని రాస్తాలెండి. అంత దూరం ఉత్తరాలు వెళ్లవు కదా," అంది.

ఆయన తల ఊపి, పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. ఆసుపత్రిలో లిఫ్టు తలుపు పడటం లేదని పొద్దుటి నుంచి ఫోన్లు వస్తున్నాయి.