గోడమీద మూడో ఉత్తరం

మా కోచ్ ఆఫీసు గోడకి కప్పుల ఫొటోలు ఉండేవి కావు. రెండు సస్పెన్షన్ ఉత్తరాలు అంటించి ఉండేవి. మొదటిది, సీజన్ మొదలవకముందే రూలు దాటి జట్టు చేత గుట్టుగా ప్రాక్టీసు చేయించినందుకు. రెండోది, మ్యాచ్ మధ్యలో కోర్టులోకి దూసుకెళ్ళి రిఫరీ ముందు కుర్చీని తన్నినందుకు. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే పార్కింగ్ దాకా వినిపించేది. ఇవెందుకు అంటించారని అడిగితే, "దాచుకుంటే మళ్ళీ చేస్తాను" అంది. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టేనని కాలేజీ తేల్చి చెప్పింది.

నాకు ఆవిడంటే పిచ్చి. కెనడాలో కిచెనర్ ఊరి దగ్గరి ఆ కాలేజీలో క్లాసులో సగం మనవాళ్ళే ఉన్న రోజులవి. కారిడార్లో తెలుగు వినిపిస్తే తిరిగి చూడటం కూడా మానేశాం. అందరూ పార్ట్‌టైమ్ అంటూ డబ్బాలు మోస్తుంటే, నాకు మాత్రం అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు మేనేజర్ పని దొరికింది. నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు, హాజరు షీటు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేనూ ఆడాను, అంటే బెంచీ మీద కూర్చున్నాను. ఇక్కడ చెక్క నేలమీద బంతి మోత వింటే చాలు, ఒళ్ళు పులకరించేది.

ఆ షీటు సంగతి చెప్పాలి. జట్టులో కొందరు పరీక్షలు తప్పాక కోచే ఒక రూలు పెట్టి, కాలేజీకి మాటిచ్చింది. ప్రతి బుధవారం సాయంత్రం లైబ్రరీలో రెండు గంటలు చదవాలి, షీటులో సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే ఆ వారం ఆట లేదు. షీటు నా దగ్గర ఉండేది, అడుగున కోచ్ సంతకం చేసి స్పోర్ట్స్ ఆఫీసుకి పంపేది.

జట్టులో ఒకే ఒక్క తెలుగమ్మాయి, హనుమకొండ పిల్ల, నాకంటే చిన్నది. బంతి పట్టుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక బుధవారం ఫోన్ చేసింది. "అక్కా, నాది జర సంతకం పెట్టరాదు? పక్కూరు కేంబ్రిడ్జ్‌ల షిఫ్ట్ దిగి వచ్చేసరికి టైమైపోతది."

పెట్టేశాను. క్షణం కూడా ఆలోచించలేదు. గుంటూరులో క్లాసుకి రానివాళ్ళ బదులు నేను మూడు గొంతుల్లో ప్రాక్సీ చెప్పగలిగేదాన్ని. ప్రాక్సీ చెప్పనిది స్నేహితురాలే కాదు మా దృష్టిలో. అలా నాలుగు బుధవారాలు గడిచాయి.

సెమీఫైనల్ శుక్రవారం సాయంత్రం. జిమ్ అప్పటికే నిండిపోతోంది. ఆటకి గంట ముందు స్పోర్ట్స్ డైరెక్టర్ షీటు పట్టుకుని కోచ్ ఆఫీసులోకి వచ్చాడు. నేను సీసాలు సర్దుతున్నాను. లైబ్రరీ తలుపు దగ్గర కార్డు గీసిన లెక్కకీ, షీటుకీ పొంతన లేదట. నాలుగు వారాలు ఒక ప్లేయర్ అసలు లోపలికే రాలేదు, సంతకాలు మాత్రం ఉన్నాయి.

"మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నాడు కోచ్‌తో. ఆవిడ షీటు వైపే చూస్తోంది. చెబితే నా రికార్డులో మచ్చ, ఇక్కడ చదువుకోవడానికిచ్చిన పర్మిట్ ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది.

"కోచ్‌కి తెలియదు. ఆ అమ్మాయికి నేను ప్రాక్సీ ఇచ్చాను" అన్నాను ఇంగ్లీషులో.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ప్రాక్సీనా? అంటే ఒకరి బదులు ఇంకొకరు సంతకం పెట్టడానికి అనుమతుందా? ఆ అనుమతి ఇచ్చిందెవరు, కోచేనా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు. వాళ్ళ ఇంగ్లీషులో ప్రాక్సీ అంటే అధికారికంగా రాసిచ్చిన హక్కట. నేను కాపాడబోయి ఆవిడ మెడకి ఇంకో ఉరి తగిలించాను. మన కాలేజీల్లో అందరూ నవ్వుతూ వాడే ఆ మాటకి అసలు పేరేమిటో వెతుక్కోవాల్సి వచ్చింది. తెలుగులో దొరికింది, దొంగ సంతకం. దాన్నే ఇంగ్లీషులోకి మార్చాను.

"ఎవరూ అనుమతివ్వలేదు. నాలుగుసార్లూ నేనే దొంగ సంతకం పెట్టాను."

కోచ్ అప్పుడు తలెత్తింది. "అడుగున ఉన్న సంతకం నాది. చూడకుండా పెట్టాను" అంది.

ఆ పిల్లని ఆట నుంచి తప్పించారు. కోచ్‌నీ నన్నూ జిమ్ బయటికి పంపేశారు. మూసిన తలుపు అవతల మ్యాచ్ మొదలైంది. లోపల జట్టుతో ఉన్నది అసిస్టెంటు కోచ్ ఒక్కతే. మాకు బూట్ల కిర్రులు, విజిళ్ళు, అరుపులు మాత్రమే వినిపిస్తున్నాయి. కోచ్ తలుపుకి చెవి ఆనించి, "మనదే బంతి... పోయింది... మళ్ళీ మనదే" అంటూ చూస్తున్నట్టే చెబుతోంది. చేసిన వెధవపని మర్చిపోయి నేనూ చెవి ఆనించాను. ఆఖరి నిమిషంలో జిమ్ మొత్తం ఒక్కసారి హోరెత్తింది. మావాళ్ళ కేకో, అవతలివాళ్ళ కేకో తెలియలేదు. తలుపు తోసుకుని మా అమ్మాయిలు ఏడుస్తూ నవ్వుతూ వచ్చి కోచ్ మీద పడ్డారు. ఒక్క పాయింటుతో గెలిచారు. కారిడార్లో తన్నడానికి కుర్చీ లేకపోవడం మా అదృష్టం.

సోమవారం విచారణ జరిగింది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. హనుమకొండ పిల్లకి ఆ సీజన్‌లో ఇక ఆట లేదు. తెలిసి చేసింది కాదని తేలడంతో కోచ్‌కి సీజన్ ముగిసేదాకా సస్పెన్షన్‌తో సరిపెట్టారు, ఉద్యోగం మాత్రం మిగిలింది. ఉత్తరం చేతికందగానే నన్ను ఆఫీసుకి పిలిచింది. తిడుతుందని తయారై వెళ్ళాను. గోడమీద రెండింటి పక్కన మూడోది అంటించి ఉంది.

పెన్ను నా చేతిలో పెట్టి, "దీని కింద సంతకం పెట్టు. ఈసారి నీది" అంది.

నాలుగు బుధవారాలు ఇంకొకరి పేరు రాసిన చెయ్యే అది. నా పేరు ఇంటిపేరుతో సహా మొత్తం రాశాను.