చెరువు పక్షుల మెయిళ్లు

బెంగళూరు మారతహళ్ళిలో మా కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ మాస్టారు, వర్తూరు చెరువుకు వచ్చే పక్షుల గురించి రాసి, మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ వారం వారం మెయిల్ పంపేవారు. లిఫ్టులో కనబడ్డప్పుడల్లా "చదువుతున్నాను సార్, చాలా బాగుంటున్నాయి" అనేవాణ్ణి.

ఒక ఆదివారం ఆయనే మా తలుపు తట్టారు.

"నా మెయిళ్లు అందరికీ స్పాములోకి పోతాండాయంటప్పా. నీకొక్కడికే సరిగ్గా వస్తాండాయి. ఎట్లనో రవంత చూపించు."

తప్పించుకోలేక ఫోన్ తెరిచాను. అన్నీ స్పాములోనే ఉన్నాయి. ఒక్కటీ తెరిచింది లేదు.

ఆయన కాసేపు చూసి, "పోనీలేప్పా, నువ్వేం జేస్తావు? మిషన్ చేసిన పని" అన్నారు, నన్నే ఓదారుస్తూ.

మొదటి వారమే విసుగొచ్చి స్పాము అని నొక్కింది నేనే. "కాఫీ తాగి వెళ్లండి సార్" అని మాత్రం అన్నాను.