నేను ఓడించిన రోమన్ సైన్యం

అమెరికా వచ్చిన ఆ మొదటి రోజుల్లో నాకు ఎవరికీ కాదని చెప్పడం చేతనయ్యేది కాదు. ముఖ్యంగా నా కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి అడిగితే అసలు కాదు. అలా తల ఊపీ ఊపీ ఏవేవో నెత్తిన వేసుకున్నాను గానీ, ఒక ఆదివారం పొద్దున అరిజోనా ఎండలో ఎర్ర ఉన్ని చొక్కా తొడుక్కుని, చేత డాలు పట్టుకుని, జర్మన్ తెగల నుంచి రోమ్‌ని కాపాడాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు. కాపాడానా అంటే, అది చెప్పడానికే ఇదంతా.

చాండ్లర్‌లో ఒక చిప్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. నా ప్రాజెక్టు మార్చి నెలాఖరుకి అయిపోతుంది. ఇంకో ఏడాది పొడిగించమని మేనేజరు సంతకం చేస్తే ఉంటాను, లేకపోతే ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీదికి పోతాను, బెంచ్ నుంచి మా ఏలూరికి పెద్ద దూరం లేదు. ఆ మేనేజరుని మేం తెలుగువాళ్ళం చాటుగా ‘సేనాపతి’ అనేవాళ్ళం. ఎందుకంటే ఆయన వారమంతా టెస్టింగ్ షెడ్యూళ్ళు చూసుకుని, శని ఆదివారాలు రోమన్ సైనికుడిగా మారిపోయేవాడు. పాత యుద్ధాలను ఉన్నవి ఉన్నట్టు ఆడి చూపించే బృందానికి ఆయన నాయకుడు. లంచ్‌కి కూర్చుంటే చాలు, రెండువేల ఏళ్ళ కిందటి మారియస్ అనే రోమన్ సేనాని కథ మొదలయ్యేది. ట్యూటన్లనీ, అంబ్రోన్లనీ కొన్ని తెగలు (వీళ్ళలో ఎవరు జర్మన్లో ఎవరు కెల్టులో పండితులకే పూర్తిగా తేలలేదట) ఊళ్ళకి ఊళ్ళు బళ్ళలో ఎక్కించుకుని, పెళ్ళాం పిల్లల్తో సహా, ఉండడానికి చోటు వెతుక్కుంటూ ఇటలీ వైపు బయల్దేరాయి. దారిలో రోమన్ శిబిరం ముందునుంచి ఆరు రోజులపాటు నడిచి వెళ్తూ, "మీ ఇంట్లో ఆడవాళ్ళకేమైనా చెప్పమంటారా, మేం అటే పోతున్నాం" అని వెక్కిరించాయట. మారియస్ తన సైనికుల్ని పళ్ళు బిగబట్టుకుని కూర్చోమన్నాడు. తర్వాత మంచి గుట్ట చూసుకుని, పైన గోడలా నిలబెట్టి, ఎక్కి వచ్చినవాళ్ళని వచ్చినట్టు కిందికి తోసేశాడు. నాకు లోలోపల ఆ బళ్ళవాళ్ళ మీదే జాలిగా ఉండేది. సామాను సర్దుకుని చోటు కోసం తిరిగేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కదా. కానీ ఆ మాట సేనాపతితో అనలేదు.

ఆ ఫిబ్రవరిలో ఒక స్కూలు పిల్లలకి ఈ యుద్ధం ఆడి చూపించాలని ఆయనకి పిలుపు వచ్చింది. మనుషులు చాలలేదు. నా క్యూబికల్ దగ్గరికి వచ్చి, ఖాళీయేనా అని అడిగాడు. ఖాళీయే అన్నాను. నాకు కారు లేదు కాబట్టి నా రూమ్మేట్‌ని కూడా లాక్కెళ్ళాను. వాడు వరంగల్ వాడు, ఆరడుగుల మనిషి, నిండా గడ్డం. చూడగానే వాణ్ణి ట్యూటన్లలో వేశారు. నన్ను రోమన్లలో వేసి, ఆ కాలపు రోమన్లకి మీసం ఉండదు, తీసెయ్యమన్నారు. మా నాన్నగారు ఉండగా మీసం తీయనని చెప్పాను. (ఆయనకీ దీనికీ ఏమిటి సంబంధమని సేనాపతి చాలాసేపు ఆలోచించాడు.) చివరికి హెల్మెట్ చెంపరేకులు దించితే కనబడదులే అని సర్దుకున్నారు.

నాలుగు శనివారాలు పార్కులో ప్రాక్టీసు చేశాం. సూత్రం ఒకటే. నా డాలు సగం నన్ను కాస్తుంది, సగం నా ఎడమ పక్కవాణ్ణి కాస్తుంది, కాబట్టి ఆకాశం విరిగిపడినా డాలు దించకూడదు. వెనక వరసలో ఉండి నేను బాగానే నెట్టుకొచ్చాను. తీరా ఆ రోజు ముందు వరస మనిషి ఒకాయన జ్వరమని రాలేదు. సేనాపతి నన్ను తీసుకెళ్ళి తన ఎడమ పక్కనే నిలబెట్టుకున్నాడు. మా రూమ్మేట్ కింద, ట్యూటన్లవని తెచ్చిపెట్టిన బళ్ళ దగ్గరనుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. గడ్డి గుట్ట మీద ముప్ఫై మంది రోమన్లం, కింద ముప్ఫై మంది ట్యూటన్లు, పక్కన మెట్ల మీద రెండు వందల మంది పిల్లలు. మైకులో ఒక రిటైరైన టీచరమ్మ కథ చదువుతోంది.

ట్యూటన్లు అరుస్తూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. ఒక అడుగు ముందుకి అని సేనాపతి లాటిన్‌లో కేక వేశాడు. అందరూ ఎడమకాలు వేయాలి. ప్రాక్టీసులో అలాగే వేశాను. కానీ అసలు యుద్ధం, మొదటి అడుగు, బాగా జరగాలన్న బెంగ. మంచి పనికి బయల్దేరుతున్నట్టు నా కుడికాలు దానంతటదే ముందు పడింది. పడడం సరిగ్గా ఆయన ఎడమ పాదం మీద పడింది, చెప్పుల్లోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళ మీద. యాభై దాటిన మనిషి, పైగా మేనేజరు. నేను కత్తి వదిలేసి, వంగి, ఆయన కాలు ముట్టుకుని కళ్ళకద్దుకోబోయాను. కళ్ళకి హెల్మెట్ అంచు అడ్డం వచ్చింది. దాన్ని పైకి నెట్టి, అద్దుకోవడం పూర్తిచేసి తలెత్తేసరికి నా డాలు నేలమీద ఉంది, గోడలో తలుపంత కంత ఉంది, ఆ కంతలోంచి మా రూమ్మేట్ ఆగలేక వస్తున్నాడు. వాడి వెనక ట్యూటన్ల జాతి మొత్తం ఉంది. సేనాపతిని వెల్లకిలా పడేసి, గుట్ట దాటి, వాళ్ళు ఎటు పోవాలో తెలియక ఆ అవతల నిలబడ్డారు. మైకులో టీచరమ్మ కాగితం మీంచి తలెత్తకుండా, "ఇదిగో, రోమన్లు చెక్కుచెదరలేదు" అని చదివింది. పిల్లలు మెట్ల మీద లేచి గంతులేశారు.

సేనాపతి పడుకునే, ఎందుకు వంగావు, నీదేమైనా కిందపడిందా అని అడిగాడు. కాలు తగిలింది సార్, మా దగ్గర అలా అద్దుకుంటాం అని చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు.

ఇంటికి వస్తుంటే కారులో మా వాడే మాట్లాడాడు.

"ఏం జేసినవ్‌రా నువ్వు? మేం ఓడిపోవాల్నని కాయితంల రాసిచ్చిండ్రు. పడిపోతందుకు నేను మంచిగ జాగ గూడ చూసుకున్న. నువ్వు తలుపు తీసి రమ్మంటివి."

"కాలు తగిలిందిరా మరి. ఊరుకోమంటావా?"

"ఎక్స్‌టెన్షన్ గురించి ఆలోచించినవా?"

"అప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది."

నాకు నిజంగానే భయం వేసింది. ఏలూరులో అమ్మకి ఏం చెప్పాలి, రోమన్లు నా వల్ల ఓడిపోయారని చెప్పాలా?

సోమవారం ఆయన పిలిచాడు. బల్ల మీద నా కాగితం ఉంది, కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. బొటనవేలికి కట్టు కట్టుకుని చెప్పుల్తో ఆఫీసుకి వచ్చాడు. అదే శత్రువు కాలైతే ఏం చేసేవాడివి అని అడిగాడు. అబద్ధం చెప్పడం మంచిదని తెలుసు, కానీ తగిలితే అంతే సార్, ఎవరిదైనా అన్నాను. ఆయన పెన్ను తీసి సంతకం చేశాడు. టెస్టింగ్ పనికి నిన్ను ఉంచుకుంటున్నాను, నా సైన్యంలోకి మాత్రం మళ్ళీ రాకు అన్నాడు. నవ్వలేదు. నేను థాంక్స్ చెప్పి, కాలు దూరంగా పెట్టుకుని బయటికి వచ్చాను.

పదేళ్ళు దాటాయి. ఇప్పుడు నా సంతకం కోసం కూర్చునేవాళ్ళు కొందరున్నారు. మొన్న ఫీనిక్స్ విమానాశ్రయంలో నా పెట్టె చక్రం ఒక పెద్దావిడ పాదం మీదినుంచి వెళ్ళింది. ఫోన్ చూసుకుంటూనే సారీ అని ముందుకి కదిలాను. సీట్లో కూర్చున్నాక గాని, కళ్ళకద్దుకోవడానికి నా చెయ్యి కదలలేదని తట్టలేదు. ఇప్పటి నన్ను ఆ గుట్ట మీద నిలబెడితే డాలు దించను. యుద్ధం గెలిచి, సోమవారం సారీ అని ఈమెయిలు పెడతాను. సేనాపతి మెచ్చుకునేవాడే. అయినా ఉద్యోగం సంగతి కూడా మరిచిపోయి, శత్రువులు మీద పడుతుంటే హెల్మెట్ నెట్టుకుని కళ్ళు వెతుక్కున్న ఆ మీసాల కుర్రాడంటేనే నాకు ఇష్టం.